రీకాల్ కబురు ఎవరి ఫోనుకు పోతోంది?

లక్ష కార్లను ఫలానా కంపెనీ వెనక్కి తీసుకుంటోందని పేపర్లో పడితే మదనపల్లె, పీలేరు పక్క సగంమందికి వచ్చే మొదటి అనుమానం: బండి ఇచ్చేయాలా, ఇస్తే డబ్బులిస్తారా? మిగతా సగం ఆ మోడలే పనికిరానిదని తేల్చేసి, అమ్మకానికి పెట్టినవాడి దగ్గర ఇరవై వేలు తగ్గించి అడుగుతారు. ఈ రెండింటికీ కొంత బాధ్యత మన మాటదే. ఉపసంహరణ, వెనక్కి తీసుకోవడం, వెనక్కి పిలిపించడం అని పత్రికలు ఒకే పనికి మూడు పేర్లు వాడుతున్నాయి. మొదటి రెండూ వింటే సరుకు అంగట్లోంచి ఎత్తేసినట్టుంటుంది. జరిగేది అది కాదు. ఫలానా తేదీల మధ్య తయారైన బండ్లలో ఒక భాగం సరిగా లేదని తేలింది, షోరూం వర్క్‌షాప్‌కు తెస్తే పైసా తీసుకోకుండా మార్చి పంపుతామని కంపెనీ చెప్పడం. పొద్దున పోయిన బండి చాలాసార్లు సాయంత్రానికి ఇంటికొస్తుంది. రీకాల్ అన్న ఇంగ్లీషు మాటే ఇప్పుడు అందరి నోటా నలిగింది కాబట్టి ఇక్కడా అదే వాడుతున్నాం.

మాట సంగతి అలా ఉంచితే, రీకాల్ చుట్టూ మన దేశంలో పదిహేనేళ్లుగా నడుస్తున్న వాదం బాగా చిక్కుపడింది. కంపెనీలు తమంత తాముగా చేస్తే చాలా, ప్రభుత్వం కర్ర పట్టుకోవాలా? ఎన్ని ఫిర్యాదులు వస్తే లోపమున్నట్టు? బండి చేతులు మారాక బాధ్యత ఎవరిది? కలకడ మీదుగా రాయచోటి, పీలేరు మధ్య తిరిగే బండ్లలో ఎన్నో రెండో చేతివి, మూడో చేతివి. అందుకని ఈ మూడో ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

డెట్రాయిట్ నుంచి టవేరా దాకా

చట్టబద్ధమైన రీకాల్ అమెరికాలో పుట్టింది. కార్ల కంపెనీలు భద్రతను పక్కనపెట్టి సోకులు అమ్ముతున్నాయని రాల్ఫ్ నాడర్ 1965లో పుస్తకం రాశాడు. మరుసటి ఏడాదే అక్కడ వాహన భద్రతా చట్టం వచ్చింది, దాన్ని అమలుచేసే సంస్థ తయారైంది. చట్టం వచ్చినంత మాత్రాన కంపెనీలు మారిపోలేదు. వెనకనుంచి గుద్దితే పెట్రోల్ ట్యాంకు అంటుకుంటుందన్న అపకీర్తి మోసిన ఫోర్డ్ పింటోను 1978లో, అదీ ప్రభుత్వ ఒత్తిడి మీద, రీకాల్ చేశారు. సుమారు 15 లక్షల కార్లు. 2014లో జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్ వ్యవహారం బయటపడింది. తాళంచెవి గుత్తి బరువుకే స్విచ్ జారి, పరుగులో ఉన్న ఇంజిన్ ఆగిపోయేది. ఇంజిన్ ఆగితే ఎయిర్‌బ్యాగులూ తెరుచుకోవు. లోపం కంపెనీ లోపలి ఇంజినీర్లకు దాదాపు పదేళ్లుగా తెలుసు. 124 మరణాలకు పరిహారం కట్టాల్సి వచ్చింది. స్వచ్ఛందంగా చేస్తాం, మమ్మల్ని నమ్మండి అని కంపెనీలు ఎప్పుడన్నా ఎదుటివాళ్లు మొదట తీసేది ఈ ఉదాహరణే.

మన దగ్గర 2012 దాకా రీకాల్‌కు ఒక పద్ధతంటూ లేదు. 2010లో మారుతీ తన ఏ-స్టార్ కార్లను సుమారు లక్ష పిలిపించి పెట్రోలు కారే భాగం సరిచేసింది. అదే ఏడాది టాటా నానోలు కొన్ని రోడ్డు మీదే అంటుకున్నాయి. కంపెనీ అదనపు రక్షణ భాగాలు ఉచితంగా బిగిస్తామంది గానీ, దీన్ని రీకాల్ అనొద్దంది. మంటలకు కారణం తమ తయారీ కాదని, బయట బిగించిన కరెంటు సామాను, సైలెన్సరు దగ్గర మిగిలిపోయిన పరాయి వస్తువులు అని వివరించింది. ఆ వాదనలో పస ఉందా లేదా అన్నది వేరే మాట. బయట బిగించినదే తప్పు అన్న ఆ వాక్యం మాత్రం ఆనాటినుంచి ప్రతి గొడవలోనూ తిరిగి వినిపిస్తోంది.

2012 జూలైలో వాహన తయారీదారుల సంఘం సియామ్ స్వచ్ఛంద రీకాల్ నియమావళి తెచ్చింది. ఏడేళ్ల లోపు బండ్లకు భద్రతా లోపముంటే కంపెనీలే ప్రకటించి బాగుచేయాలన్నది దాని సారం. మరుసటి ఏడాదే పెద్ద అంకెలు వచ్చాయి. ఫోర్డ్ ఫిగో, ఫియస్టా క్లాసిక్‌లు కలిపి 1,66,021. తిరుపతి, కాణిపాకం దారుల్లో టాక్సీలుగా అరిగిపోయిన షెవర్లే టవేరాలు 1.14 లక్షలు. టవేరా కథ బ్రేకులదీ, స్టీరింగుదీ కాదు, పొగది. కాలుష్య పరీక్షల నియమాలను తమ సిబ్బందే ఉల్లంఘించారని కంపెనీ ఒప్పుకోవాల్సి వచ్చింది. 2015 చివర్లో ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ మోసం తర్వాత దాదాపు 3.23 లక్షల కార్లు అదే వరసలో చేరాయి. తప్పు చేసినవాడే తన తప్పును ప్రకటించాలనే ఏర్పాటు ఎంత దూరం పోతుందో ఈ రెండు కేసుల్లో కనబడింది. చట్టం కావాలన్న గొంతు అప్పటినుంచే పెద్దదైంది.

చట్టంలో ఏముంది

2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 110ఏ అనే సెక్షన్ చేర్చారు. దాని నియమాలు 2021 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాయి. బండిలోగానీ, ఒక భాగంలోగానీ, సాఫ్ట్‌వేర్‌లోగానీ ఉన్న లోపం రోడ్డు భద్రతకు, పర్యావరణానికి ముప్పయితే రీకాల్ చేయమని కేంద్రం ఆదేశించవచ్చు. లోపం సంగతి మూడు దారుల్లో కేంద్రానికి చేరవచ్చు: నిర్ణీత శాతం యజమానుల ఫిర్యాదులు, పరీక్షా సంస్థ నివేదిక, మరే ఇతర ఆధారమైనా. ఆదేశం వస్తే కంపెనీ డబ్బు తిరిగివ్వాలి, లేదా వేరే బండి ఇవ్వాలి, లేదా బాగుచేసివ్వాలి. పైగా జరిమానా కట్టాలి, బండి రకాన్ని, సంఖ్యను బట్టి 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా.

ఇక్కడే ఒక చిన్న మెలిక ఉంది. లోపాన్ని కంపెనీయే ముందుగా గుర్తించి, ప్రభుత్వానికి చెప్పి రీకాల్ మొదలుపెడితే జరిమానా లేదు. దీన్ని ఇద్దరు రెండు రకాలుగా చదువుతున్నారు. దొంగే ఇంటికొచ్చి సొమ్ము అప్పగిస్తే కేసెందుకు అన్నట్టు ఇది మంచి ఎరేనని ఒకరు. నివేదికలు వచ్చేదాకా ఆగి, పట్టుబడే ముందురోజు స్వచ్ఛందం అని బోర్డు తిప్పుకునే సందు అని ఇంకొకరు. ఆచరణ చూస్తే, 2021 తర్వాత కూడా మనకు పత్రికల్లో కనబడే రీకాల్స్ దాదాపు అన్నీ కంపెనీలు తమంత తాము ప్రకటించినవే. కర్ర గోడకు ఆనించి ఉంది. గోడకు ఆనించిన కర్ర కూడా పని చేస్తుందన్నది కొందరి నమ్మకం, అందులో కొంత నిజం లేకపోలేదు.

ముగ్గురి వాదాలు

మొదటివారు కంపెనీలు, వాటి సంఘాలు. రీకాల్ ఎక్కువ చేసే కంపెనీ చెడ్డది కాదు, నిజాయితీగలది అంటారు. వారి దగ్గర లెక్కలున్నాయి. 2021 మేలో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇగ్నిషన్ కాయిల్ లోపం ఉందని, మన దేశంతో పాటు మరికొన్ని దేశాల్లో కలిపి 2,36,966 బండ్లు చూస్తామంది. అదే ఏడాది సెప్టెంబరులో మారుతీ 1,81,754 పెట్రోలు కార్లలో మోటార్ జనరేటర్ యూనిట్ తనిఖీ చేసింది. 2023 జనవరిలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ అనుమానం వచ్చినప్పుడు అదే కంపెనీ 17,362 కార్ల యజమానులకు భాగం మార్చేదాకా బండి తీయొద్దని చెప్పింది. అమ్మకాలు పడిపోతాయని తెలిసీ ఏ కంపెనీ ఊరికే ఆ మాట అనదు. 2023 ఆగస్టులో మహీంద్రా 1,08,306 ఎక్స్‌యూవీ 700లలో ఇంజిన్ దగ్గరి వైరింగు చూసింది. మన సీమలోనే, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో తయారయ్యే కియా క్యారెన్స్‌లను 2022 అక్టోబరులో 44,174, మరుసటి ఏడాది జూన్‌లో 30,297 రీకాల్ చేశారు. మొదటిది ఎయిర్‌బ్యాగ్ సాఫ్ట్‌వేర్ కోసం, రెండోది డ్యాష్‌బోర్డు తెర కోసం.

రెండోవారు వినియోగదారుల పక్షం మాట్లాడేవారు. కంపెనీ చెప్పిన లోపాలు సరే, చెప్పనివాటి సంగతేమిటన్నది వారి ప్రశ్న. ఫిర్యాదుల శాతం మీద ఆధారపడే పద్ధతి పెద్ద మోడళ్లకు పనికొస్తుంది. ఏడాదికి కొన్ని వందలే అమ్ముడయ్యే బండి కొన్న మనిషి, తనలాంటి ఇంకో వందమందిని ఎక్కడ వెతికి ఫిర్యాదు చేయించగలడు? తక్కువగా అమ్ముడయ్యే బండ్లకు నియమాల్లో వేరే లెక్క ఉన్నా, ఫిర్యాదుల పోర్టల్ ఒకటి ఉందనే సంగతే యజమానికి తెలియకపోతే ఆ లెక్క మొదలే కాదు. స్వతంత్ర దర్యాప్తు సంస్థ కావాలన్న కోరిక 2014 నాటి రోడ్డు రవాణా, భద్రత బిల్లులో కనబడింది. ఆ బిల్లు చట్టం కాలేదు.

కోర్టులు ఇంతలో తమ దారిన తాము నడిచాయి. గుద్దుకున్నప్పుడు క్రెటా ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదన్న కేసులో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు హ్యుందాయ్ అప్పీలును కొట్టేసి, పరిహారంతో పాటు కారు మార్చి ఇవ్వాలన్న ఆదేశాన్ని నిలబెట్టింది. ఎంత వేగంతో, ఎంత బలంతో గుద్దితే తెరుచుకుంటాయన్న భౌతికశాస్త్రం కొనేవాడు లెక్కగట్టాలని ఆశించలేమన్నది ఆ తీర్పులోని ఆలోచన. రీకాల్ లేకున్నా లోపానికి జవాబు రాబట్టవచ్చని దీనివల్ల తేలింది. కానీ ఒక్కరి కేసు ఒక్కరికే. అదే కారు నడిపే పక్కింటాయనకు అది కబురు పంపదు.

మూడోవారికి సంఘం లేదు, బోర్డు లేదు. బండి నడిపేవాళ్లు, షెడ్డు మేస్త్రీలు. వీళ్ల వాదన ఎక్కడా రాసి ఉండదు. రీకాల్ ఉచితమే, దానికోసం పోగొట్టుకునే రోజు ఉచితం కాదు. కలకడ నుంచి మదనపల్లెకో తిరుపతికో పోయి, టోకెన్ తీసుకుని, భాగం స్టాకులో లేదంటే తిరిగొచ్చి, మళ్లీ పోవాలి. టమాటా సీజన్లో బొలెరో పికప్ ఒక రోజు ఆగితే కిరాయి ఎంత పోతుందో ఆ బండిమీద బతికేవాడికే తెలుసు. పైగా షోరూంకు పోతే ఒకటి చూపించి నాలుగు మారుస్తారన్న భయం ఒకటి. ఈ వాదాన్ని బద్ధకమని కొట్టేయడం తేలిక. కానీ రీకాల్ పిలుపు అందినా బండ్లు ఎందుకు రావో ఇదొక్కటే సూటిగా చెబుతుంది. మిగతా ఇద్దరూ పిలుపు దగ్గర ఆగిపోతున్నారు.

ఒక ప్లాస్టిక్ చక్రం

వినడానికి చిన్న లోపం రోడ్డు మీద ఏమవుతుందో తెలియాలంటే ఫ్యూయల్ పంపు సంగతి చూడాలి. 2020 జూన్‌లో హోండా మన దేశంలో 65,651 కార్లను, 2021 ఏప్రిల్‌లో మరో 77,954 కార్లను ఈ పంపు కోసమే పిలిచింది. మారుతీ 2020 జూలైలో వ్యాగన్ ఆర్, బాలెనో కలిపి 1,34,885 కార్లకు ఇదే చేసింది. వెనక సీటు కింద ట్యాంకులో మునిగి ఉండే ఈ పంపు లోపల చిన్న ప్లాస్టిక్ చక్రం ఒకటి గిర్రున తిరుగుతూ పెట్రోలును ఇంజిన్‌కు తోస్తుంది. ఆ ప్లాస్టిక్ సాంద్రత తక్కువైతే, మరమరాలు నీళ్లు పీల్చినట్టు కాకున్నా, పెట్రోలును కొద్దికొద్దిగా పీల్చి ఉబ్బుతుంది. ఉబ్బిన చక్రం గూడు గోడలకు రాసుకుంటుంది. ఒకరోజు తిరగడం మానేస్తుంది.

అప్పుడు జరిగేది పేలుడు కాదు, మంట కాదు. ఇంజిన్ ఆగిపోతుంది, అంతే. ఇంటి ముందు ఆగితే మేస్త్రీని పిలిపించుకుంటాం. భాకరాపేట కనుమలో, వంపు తిరిగే చోట, వెనక లారీ ఉండగా ఆగితే స్టీరింగు ఒక్కసారిగా రాయిలా బిగుసుకుంటుంది. బ్రేకు ఒకటి రెండుసార్లు పడుతుంది, తర్వాత పెడల్ మీద ఒళ్లంతా వేసి తొక్కాలి. చిన్న లోపం, పెద్ద లోపం అని కంపెనీలు విడగొట్టి చెబుతుంటాయి గానీ, లోపం చిన్నదా పెద్దదా అనేది సగం రోడ్డు నిర్ణయిస్తుంది.

2022 ఏప్రిల్: నిజామాబాద్, విజయవాడ

తెలుగు నేల మీద రీకాల్ వాదాన్ని అన్నిటికన్నా గట్టిగా కదిపింది కార్లు కాదు, బ్యాటరీ స్కూటర్లు. 2022 ఏప్రిల్ మూడో వారంలో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ రాత్రిపూట పేలి ఎనభై ఏళ్ల పెద్దాయన చనిపోయాడు. కొద్దిరోజుల్లోనే విజయవాడలో ఇంకో కంపెనీ స్కూటర్ బ్యాటరీ పడకగదిలో పేలి ఒకరు మరణించారు, కుటుంబసభ్యులకు కాలిన గాయాలయ్యాయి. దేశంలో మిగతా చోట్లా అదే నెలలో మంటలు. కంపెనీలు లోపమున్న బ్యాచులను ముందుగానే వెనక్కి పిలవాలని, లేకుంటే భారీ జరిమానాలుంటాయని కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ హెచ్చరించారు. ఆ నెలలోనే వరసగా కదిలారు: హైదరాబాద్ కంపెనీ ప్యూర్ ఈవీ 2,000 స్కూటర్లు, ఒకినావా 3,215, ఓలా 1,441.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి తడుతుంది. కారులో పంపు ఆగితే 65 వేలు పిలిచారు, ఇంట్లో మనిషి పోతే రెండు వేలు పిలిచారు. దీనికి కంపెనీల జవాబు తేలికగా కొట్టేయదగ్గది కాదు. రీకాల్ మోడల్‌ను బట్టి కాదు, బ్యాచ్‌ను బట్టి జరుగుతుంది. ఒకే రోజు ఒకే సరఫరాదారు దగ్గర నుంచి వచ్చిన సెల్స్ ఎన్ని బండ్లలో బిగించారో అన్నే. అయితే లోపం బ్యాచ్‌లో ఉందా, డిజైన్‌లోనే ఉందా అన్నది ముందే తెలిసుండాలి కదా. అంత తొందరగా బ్యాచ్ అని ఎలా తేల్చారన్న ప్రశ్నకు పూర్తి జవాబు రాలేదు. కేంద్రం నిపుణులతో విచారణ చేయించింది. వినియోగదారుల రక్షణ కేంద్ర ప్రాధికార సంస్థ నోటీసులిచ్చింది. బ్యాటరీ ప్రమాణం ఏఐఎస్-156ను కఠినం చేసి 2022 డిసెంబరు 1న ఒక విడత, 2023 మార్చి 31న ఇంకో విడత అమలుచేశారు. అంటే కొత్తగా తయారయ్యే స్కూటర్లకు. అంతకుముందు అమ్ముడై, ఇంటి వసారాలో చార్జింగ్‌లో ఉన్నవి పాత ప్రమాణంతోనే ఉన్నాయి. రీకాల్‌కూ కొత్త ప్రమాణానికీ మధ్య ఇలా ఒక తరం బండ్లు మిగిలిపోయాయి.

మూడో చేతి బండి

కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. మదనపల్లె, పుంగనూరుల్లోనూ కేఏ నంబరు బండ్లకు కొదవలేదు. బెంగళూరులో కొత్తగా కొన్నవాడు ఆరేడేళ్లు వాడి అమ్మేస్తాడు. బ్రోకర్ పట్టుకొస్తాడు. ఇక్కడ ఒకరు తీసుకుని రెండేళ్లు తిప్పి ఇంకొకరికి ఇస్తారు. అమ్మేటప్పుడు ఫారం 29, 30, వేరే రాష్ట్రమైతే ఎన్ఓసీ ఫారం 28, లైఫ్ ట్యాక్సు, ఇవన్నీ తెలిసినవే. కొన్నవాడు 30 రోజుల్లో పేరు మార్పించుకోవాలని చట్టం. ఎంతమంది మార్పించుకుంటారో ఆర్‌టీఓ ఆఫీసు ముందు టీ అంగడిలో అడిగినా చెబుతారు.

ఇప్పుడు ఆ బండికి రీకాల్ వచ్చిందనుకోండి. కంపెనీ ఎస్ఎంఎస్ పంపేది తన షోరూం రికార్డుల్లోని నంబరుకు. అది బెంగళూరులోని మొదటి ఓనరు నంబరు. బండి తర్వాత ఎన్నడూ షోరూంకు పోలేదు, బయట షెడ్డులోనే సర్వీసింగ్. ఆయన ఆ మెసేజ్ చూసి, మనది కాదుగా అని తుడిచేస్తాడు. కలకడలో ఆ బండి తోలుతున్న మనిషికి కబురు లేదు. ప్రభుత్వ రిజిస్ట్రేషన్ రికార్డు వాహన్‌లో కొత్త ఓనరు పేరు ఎక్కి ఉన్నా, కంపెనీ పిలుపు వెళ్లే దారి వేరు. ప్రభుత్వ పుస్తకానికి బండి ఎవరిదో తెలుసు, కంపెనీ పుస్తకానికి బండిలో ఏం చెడిందో తెలుసు. రెండు పుస్తకాలూ ఒకే బల్ల మీదకు రావడం లేదు.

టకాటా ఎయిర్‌బ్యాగుల కథ ఈ ఖాళీని ప్రపంచమంతా చూపించింది. ఆ సంచులను ఉబ్బించడానికి వాడిన అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడి, చెమ్మ పీలిస్తే పాడై, అవసరమైనప్పుడు లోహపు గూడునే చీల్చి ముక్కలు విసిరేది. కాపాడాల్సినదే ప్రాణం తీసేది. అమెరికాలోనే సుమారు 6.7 కోట్ల ఎయిర్‌బ్యాగులు రీకాల్ అయ్యాయి. టకాటా 2017లో దివాలా తీసింది. మన దగ్గర హోండా 2015 సెప్టెంబరులో ఎయిర్‌బ్యాగుల కోసం 2,23,578 కార్లను, 2017 జనవరిలో 41,580, 2018 జనవరిలో 22,834 కార్లను పిలిచింది. ఈ లోపానికి వయసు ముఖ్యం, వాతావరణం ముఖ్యం. సీమ ఎండ పొడి ఎండ అని నిబ్బరంగా ఉండటానికి లేదు. చెన్నైలో పదేళ్లు సముద్రపు గాలి పీల్చి కుప్పం దారిన వచ్చిన సెకండ్ హ్యాండ్ హోండా సిటీ, ఆ పదేళ్ల చెమ్మను వెంటతెచ్చుకుంటుంది.

టకాటా తర్వాత దేశాలు ఒక్కొక్కటి ఒక్కో దారి పట్టాయి. పక్కపక్కన పెడితే తేడా బాగా కనబడుతుంది. జపాన్ 2018 నుంచి, టకాటా సంచి మార్చని కార్లకు తప్పనిసరి తనిఖీలో పాస్ ఇవ్వడం ఆపింది. ఆస్ట్రేలియా అదే ఏడాది తప్పనిసరి రీకాల్ ప్రకటించింది, అత్యంత ప్రమాదకరమైన సంచులున్న కార్లకు రాష్ట్రాలు రిజిస్ట్రేషన్ నిలిపేశాయి. జర్మనీలో రీకాల్‌కు బండి తీసుకురాని యజమాని ఆ బండి తిప్పకుండా అధికారులు ఆపవచ్చు. అమెరికా సగం దారి వచ్చింది. రీకాల్ పని జరగని కారును అద్దెకు తీసుకుని 2004లో ఇద్దరు అక్కాచెల్లెళ్లు చనిపోయిన తర్వాత, వారి పేరు మీదే 2015లో అద్దె కార్లకు చట్టం చేశారు. పాత కార్లు అమ్మే డీలర్లకు మాత్రం అలాంటి నిషేధం లేదు. అక్కడ ఛాసిస్ నంబరు కొడితే ఏ కారు రీకాల్ పెండింగో ప్రభుత్వ సైటులోనే తేలిపోతుంది, ఉచిత మరమ్మతు హక్కు 15 ఏళ్ల దాకా. మన చట్టం ఏడేళ్ల దగ్గర గీత గీసింది. జపాన్, ఆస్ట్రేలియా, జర్మనీ మూడూ బాధ్యతను కొంత యజమాని మీదికి తోశాయి. మనం మొత్తం కంపెనీ మీదే ఉంచాం, కంపెనీకి యజమాని అడ్రస్ ఇవ్వకుండా.

ఆస్ట్రేలియా దారి ఇక్కడ అలాగే దించుకోవాలనడం తొందరపాటే. వర్క్‌షాప్ పక్క వీధిలో ఉన్నవాడికీ, యాభై అరవై కిలోమీటర్లు పోవాల్సినవాడికీ ఒకే శిక్ష వేస్తే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ దగ్గర ఇంకో మామూలు మొదలవుతుంది, అంతకుమించి ఏమీ జరగదు. కానీ అందులో ఒక ముక్క తీసుకోవచ్చు. పేరు మార్పు దరఖాస్తులో ఇన్సూరెన్సు, ఫైనాన్సు అడుగుతున్నాం. ఆ దరఖాస్తు కంప్యూటర్లోకి ఎక్కే క్షణంలోనే ఆ ఛాసిస్ నంబరుకు రీకాల్ పెండింగ్ ఉందా అని చూసి, కొత్త ఓనరు ఫోనుకు ఒక మెసేజ్ పంపడానికి కొత్త చట్టం అక్కర్లేదు. పాత బండ్ల డీలర్లకు 2022 చివర్లో ప్రత్యేక నియమాలు తెచ్చి, బండి తమ దగ్గరికొచ్చిన సంగతి అధికారులకు తెలపాలని చెప్పినప్పుడే ఇది కలిపి ఉంటే సరిపోయేది.

నెట్టు మీదినుంచి వచ్చే మరమ్మతు

కొత్త చిక్కు సాఫ్ట్‌వేర్‌తో వచ్చింది. 2023 డిసెంబరులో టెస్లా అమెరికాలో ఇరవై లక్షల కార్లను ఆటోపైలట్ కోసం రీకాల్ చేసింది. ఒక్క కారూ వర్క్‌షాప్‌కు పోలేదు, మరమ్మతు గాలిలో వచ్చింది. అలాంటిదాన్ని రీకాల్ అనడమే తప్పని కొందరు, లోపం లోపమే కాబట్టి లెక్కలోకి రావాలని ఇంకొందరు. మన నియమాల్లో సాఫ్ట్‌వేర్ పేరుతో సహా ఉంది కాబట్టి, మన చట్టం రెండో పక్షమే. అయితే కంపెనీలకు సర్వీస్ క్యాంపెయిన్ అన్న మెత్తటి మాట ఎప్పుడూ చేతిలో ఉంటుంది. భద్రతకు సంబంధం లేని పనికి ఆ పేరు సరైనదే. సంబంధమున్న పనికి కూడా అదే పేరు పెడితే పేపర్లో రాదు, సియామ్ రీకాల్ పట్టికలో ఎక్కదు. గీత ఎక్కడ గీయాలో ఇంకా ఎవరూ గట్టిగా చెప్పలేదు.

ఛాసిస్ నంబరుతో

యజమాని చేతిలో ఉన్నది కొంచెమే, ఉన్నది మాత్రం తేలికే. ఆర్‌సీలో ఛాసిస్ నంబరు 17 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది. అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు ఉండవు, కాబట్టి గుండ్రంగా కనబడేది సున్నా అనే అర్థం. అదే నంబరు బండి శరీరం మీదా కొట్టి ఉంటుంది, ఎక్కడుందో ఓనర్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది. పెద్ద కంపెనీల సైట్లలో ఈ నంబరు వేస్తే రీకాల్ వర్తిస్తుందో లేదో తెలుస్తుంది. సెకండ్ హ్యాండ్ కొనేముందే, టోకెన్ డబ్బు ఇవ్వకముందే చూసుకుంటే బేరంలోనూ పనికొస్తుంది. కొన్నాక కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఆ ఛాసిస్ నంబరు మీద తమ నంబరు మార్పించుకోవడం పేరు మార్పుకన్నా చిన్న పని, చేసేవాళ్లే తక్కువ. వర్క్‌షాప్‌లో జాబ్ కార్డు మీద రీకాల్ పని అని రాయించుకోవాలి, బిల్లు సున్నా ఉండాలి. లింకు నొక్కి ఓటీపీ చెప్పమనే మెసేజ్ రీకాల్ కాదు, దొంగతనం. లోపం తమ బండిలోనే ఉన్నట్టు అనిపిస్తే ఫిర్యాదు వాహన్ పోర్టల్‌లో పెట్టాలి. షోరూంలో నోటితో చెప్పింది ఏ శాతంలోనూ లెక్కకు రాదు.

బయట బిగించిన హారన్లు, లైట్లు, గ్యాసు కిట్టు ఉంటే, నానో రోజుల్లో విన్న మాట మళ్లీ వినడానికి సిద్ధపడాలి. మేస్త్రీలు ఈ విషయంలో కంపెనీల కన్నా నిక్కచ్చి. ఒరిజినల్ వైరు కోసి జాయింట్ వేసిన బండి షార్ట్ అయితే అది ఎవరి తప్పో వాళ్లు బండి చూడకముందే చెప్పేస్తారు.

తేలనివి

ఏడేళ్లు దేని లెక్క? మన రోడ్ల మీద ప్రైవేటు కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. తర్వాత తనిఖీ చేయించి మరో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. మదనపల్లె మార్కెట్ యార్డుకు పోయే పికప్‌ల్లో, తిరుపతి అద్దె బండ్లలో ఏడేళ్లు దాటినవెన్నో. ఎయిర్‌బ్యాగ్ రసాయనం చెడడానికి పట్టే కాలం కూడా ఇంచుమించు అంతే. లోపం ముదిరే వయసులోనే చట్టం చేయి వదిలేస్తోంది. ఆ వయసు దాటాక కూడా కొన్ని కంపెనీలు మంచితనంగా పాత కార్లను పిలుస్తున్నాయి, టకాటా విషయంలో అదే జరిగింది. మంచితనం హక్కు కాదు.

పిలిచినవి ఎన్ని అని కంపెనీలు చెబుతాయి. వచ్చినవి ఎన్ని అన్నది అమెరికాలో మూడు నెలలకొకసారి ప్రభుత్వానికి నివేదించాలి. మన దగ్గర రీకాల్ వార్త ప్రకటనతో పుట్టి ప్రకటనతోనే ముగుస్తుంది. 44,174 క్యారెన్స్‌లు పిలిచారని ఆ రోజు పేపర్లన్నీ రాశాయి. ఎన్ని వచ్చాయో ఆరు నెలల తర్వాత ఏ పేపరూ అడగలేదు.